ముంపుపడిన నేలమాళిగను ఆరబెట్టు విధము



ఏరు పొంగి ఊరిలోనికి వచ్చునప్పుడు ప్రాణములు కాపాడుకొను విధము చెప్పువారు చాలమంది యున్నారు. నీరు తీసిన తరువాత బురదతో నిండిన తన యింటిముందు నిలుచున్న గృహస్థుడు మొదట ఏ పని చేయవలెను, ఏ పని చేయరాదు అను సంగతి అంతగా ఎవరును చెప్పరు. నేడు నేను మనవి చేయదలచినది ఆ విషయమే. అందులోను ముఖ్యముగా నేలమాళిగలను గూర్చి చెప్పెదను. ధాన్యమును, విత్తనములను, పత్రములను దాచుకొనుటకు మన పెద్దలు కట్టించిన మాళిగలు, పాతరలు పల్లెలలో ఇంకను కొన్ని కలవు. పట్టణములలో అంతస్తుల మేడలక్రింద బండ్లు నిలుపుటకు కట్టుచున్న సెల్లారులును ఆ జాతివే. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు పేటలు మునిగినప్పుడు అట్టి సెల్లారులు నీటితో నిండినవి. మీ కొడుకులో, మనుమలో అట్టి మేడలలో కాపురముండవచ్చును. కావున ఈ సంగతి పల్లెకును పట్టణమునకును పనికివచ్చునదే.

నేను ఇంజనీరును గాను. తుంగభద్ర యొడ్డున సేద్యము చేయు కుటుంబములో పుట్టి, కొన్నియేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను. నేను చెప్పబోవు మొదటి సంగతి నా తప్పువలన నేర్చుకొన్నది గనుక దానినే ముందుగ చెప్పెదను.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణము మునిగిన సంగతి మీలో చాలమందికి జ్ఞాపకముండును. ఆ వరదలోనే మా గ్రామమును మునిగెను. మేము మెరకనున్న గుడికి చేరి ప్రాణములు దక్కించుకొంటిమి. మూడవనాటికి వీధులలో నీరు తీసెను. మా యిల్లు తాతలనాటిది. బంకమట్టితో పేర్చిన రాతిగోడలు, బేతంచెర్ల నాపరాళ్లు పరచిన నేల. నడుమసాలక్రింద ఆరడుగుల లోతున మాళిగ కలదు. అందులో జొన్నల సంచులు, మరుసటి యేటి విత్తనములు, ఒక ఇనుపపెట్టెలో భూమి కాగితములు ఉండెను. మేము వచ్చి చూచునప్పటికి మాళిగ అంచువరకు నీటితో నిండియుండెను.

నా మనస్సంతయు ఆ కాగితములమీదనే. పొరుగూరినుండి ఆయిలు ఇంజను తెప్పించి, వాకిట నిలిపి, గొట్టము దించి, ఒక్క పూటలో మాళిగను ఖాళీ చేయించితిని. ఊరిలో అందరికంటె ముందు నీరు తోడించినవాడను నేనేయని కొంత గర్వపడితిని కూడ. మా అవ్వకు అప్పటికే ఎనుబది యేండ్లు దాటినవి. ఆమె పెరటిలోని బావిలోనికి తొంగిచూచి వచ్చి, "నాయనా, బావినీళ్లు ఇంకా చేతికందుచున్నవి. దాని పక్కనే మాళిగ వట్టిగా ఉన్నది. ఈ రాత్రి నేనీ యింటిలో పండుకొనను, మీరును పండుకొనవద్దు" అనెను. నాకు నవ్వు వచ్చినది. అయినను పెద్దదాని మాట తీసివేయలేక అందరమును గుడికే పోయి పండుకొంటిమి. తెల్లవారి వచ్చి చూడగా మాళిగ తూర్పుగోడ లోనికి కూలి, దానితోపాటు నడుమసాల నేల క్రుంగి, రెండు దూలములు విరిగి పడియుండెను. మేము నిత్యము పడకలు వేసికొను చోటు అదియే.

గోడ యేల కూలెనో అప్పుడు నాకు తెలియలేదు. తరువాత తెలిసినవారిని అడిగి గ్రహించితిని. ముంపు తీసిన తరువాత చాలదినములవరకు నేల నీటితో నిండి యుండును. ఆ తడిమన్నును, అందలి నీరును మాళిగ గోడను బయటనుండి లోనికి నెట్టుచుండును. లోతు హెచ్చినకొలది ఆ ఒత్తిడి హెచ్చును. ఆరడుగుల లోతున ఒక చదరపుటడుగు గోడమీద నీటి ఒత్తిడి యొక్కటియే ఇంచుమించు 170 కిలోల బరువునకు సమానము. మట్టి ఒత్తిడి దానికి అదనము. మాళిగలో నీరున్నంతకాలము ఆ లోపలి నీరు ఎదురు నెట్టి గోడను నిలువబెట్టును. నేను చేసిన పని యేమనగా, ఆ యూతను ఒక్క పూటలో లాగివేయుట. గోడ నిలిచినచోట్ల క్రింది నేలయే పైకి ఉబ్బి పగులుటయు కద్దు.

కాబట్టి మాళిగను తోడుటకు ముందు బావిని చూడవలెను. బావిలోని నీటిమట్టమే భూమిలోని నీటిమట్టము. బావి నిండుగనున్నయెడల ఓపికపట్టవలెను. బావి తీయుచున్నప్పుడు దాని వెనుకనే మాళిగను తీయించవలెను. మాళిగ గోడమీద బొగ్గుతో గీత గీసి, మొదటినాడు ఒక మూర లోతునకు మించకుండ తోడి ఆపవలెను. మరునాడు నీరు మరల పైకెక్కినయెడల తొందరపడినామని గ్రహించి, ఒకటి రెండు దినములు ఆగవలెను. గీతవద్దనే నిలిచియున్నయెడల మరియొక మూర తోడవచ్చును. గోడలో క్రొత్త పగులుగాని, ఉబ్బుగాని కనబడిన తక్షణమే పని మాన్పించి, పైగదిని ఖాళీచేసి, కట్టడపు పని తెలిసినవానిని పిలిపింపవలెను. పట్టణపు సెల్లారులకును నియమ మిదియే. మునిసిపాలిటీవారి ఇంజను దొరికినదని ఒక్క రాత్రిలో తోడించుట మేలు గాదు.

ఇక మాళిగలోనికి దిగుటకు ముందు తీసికొనవలసిన జాగ్రత్తలు. మొదటిది కరెంటు. నీటిలో నిలుచుండి మెయిను స్విచ్చి ముట్టరాదు. లైనుమన్నును పిలిచి స్తంభమువద్దనే తీగ విడిపింపవలెను. తడిసిన స్విచ్చిబోర్డులు, మోటార్లు ఎలక్ట్రీషియను చూచి సరియని చెప్పువరకు వాడరాదు. రెండవది పాములు, తేళ్లు. వరదలో కొట్టుకొనివచ్చినవి మూలలలోను, సంచుల సందులలోను దాగియుండును. కఱ్ఱతో కదల్చిగాని చేయి పెట్టరాదు. మూడవది గాలి. ఇది అన్నిటికంటె మోసకరమైనది.

తడిసిన ధాన్యము పులిసి, అందుండి బొగ్గుపులుసు గాలి పుట్టును. అది మామూలు గాలికంటె బరువైనది గనుక గుంటలో నిలిచి, ప్రాణవాయువును పైకి త్రోసివేయును. కుళ్లిన బురదనుండి కుళ్లిన గ్రుడ్డు వాసనగల మరియొక విషవాయువు పుట్టును. కొంతసేపటికి ముక్కు ఆ వాసనను గుర్తింపజాలదు గనుక వాసన పోయినది, భయము లేదని తలపరాదు. మన పెద్దలు పాతరలోనికి దిగుటకు ముందు దీపము దించి చూచెడివారు. దీపము మలిగినచో మనిషి దిగరాదనుట నిజమే. కాని దీపము వెలిగినంతమాత్రమున గాలి మంచిదని నమ్మరాదు. విషవాయువులను దీపము చెప్పలేదు. నేటి యిండ్లలో వంటగ్యాసు కారియుండినయెడల ఆ దీపమే మంట పుట్టించును. కనుక మూతయు గవాక్షములును తెరచి, ఒక పగలెల్ల గాలి ఆడనిచ్చిన తరువాతనే దిగవలెను. దిగువాని నడుమునకు మోకు కట్టి, పైన ఇద్దరు బలవంతులు పట్టుకొని నిలువవలెను. లోపలివాడు పడిపోయినయెడల పైనుండియే మోకుతో లాగవలెను. వానిని రక్షింపబోయి వెంటనే దిగినవారును అదే విధముగ చనిపోయిన సంగతులు ఎన్నో కలవు.

ఆయిలు ఇంజనును మాళిగలోగాని, ఇంటిలోగాని పెట్టి నడుపరాదు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ అను వాయువుండును. దానికి రంగులేదు, వాసనలేదు. తలనొప్పి, మత్తు కలిగి, మనిషి కూర్చున్నచోటనే ఒరగిపోవును. గోడలు త్వరగా ఆరునని కుంపట్లలో బొగ్గులు రాజవేసి మాళిగలో పెట్టువారు కలరు. అందుండి పుట్టునదియు ఆ వాయువే. ఆ పని ఎన్నడును చేయరాదు.

నీరు తీసిన వెంటనే బురదను ఎత్తించవలెను. ఇచ్చట మాత్రము ఆలస్యము పనికిరాదు. ఒండ్రు తడిగనున్నప్పుడు పారకు లొంగును. ఎండినపిమ్మట నల్లరేగడి రాయివలె బిగియును. బురద పోయిన తరువాత గోడలను పైనుండి క్రిందికి సబ్బునీటితో కడిగి, ఆ పిమ్మట బ్లీచింగుపొడి నీరు పూయవలెను. పది లీటర్ల నీటికి 150 గ్రాముల మంచి పొడి కలిపి, మడ్డి అడుగునకు దిగిన తరువాత పైతేట వాడవలెను. బురద కడుగకుండ ఈ నీరు పోసిన ప్రయోజనము లేదు. మురికియే దాని బలమును తినివేయును. పాతబడి వాసన పోయిన పొడికి గుణముండదు. పాయిఖానాలు కడుగు యాసిడ్డుతో ఈ పొడిని కలిపినయెడల ఊపిరి తీయు విషపుగాలి పుట్టును గనుక ఆ రెంటిని ఒకచోట చేర్పరాదు. పనిచేయువారికి రబ్బరు బూట్లు, చేతితొడుగులు ఉండవలెను. వరదనీటిలో ఎలుకల మూత్రమువలన వచ్చు జ్వరము కలదు. కాలికి పుండున్నవానిని బురదలోనికి దింపరాదు. మేకు గ్రుచ్చుకొన్నచో ధనుర్వాతపు సూదిమందు వేయింపవలెను.

తరువాత ఆరబెట్టుట. తడిసిన గోడలో ఎంత నీరుండునో తెలిసినగాని మనకు ఓపిక కలుగదు. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల యెత్తు, అడుగున్నర మందము గల యిటుకగోడ ఇంచుమించు ఆరు టన్నుల బరువుండును. అందులో నూటికి పదివంతులు నీరున్నను ఆరువందల లీటర్లు! అదంతయు గాలిలోనికి పోవలెను. కుండలలో కాల్చిన సున్నపురాయి పెట్టినచో తేమ పీల్చునని కొందరు చెప్పుదురు. అది అబద్ధము గాదు. కాని పది కిలోల సున్నపురాయి పీల్చగలది మూడు కిలోల నీటినే. ఆరువందల లీటర్లకు ఎన్ని బండ్ల సున్నము కావలెనో మీరే లెక్కవేసికొనుడు.

గాలియే మనకు దిక్కు. అయితే మాళిగ విషయములో ఒక చిక్కున్నది. మాళిగ గోడలు ఎప్పుడును చల్లగ నుండును. వానముసురు దినములలో బయటి గాలి వెచ్చగను, తేమతోను నిండియుండును. ఆ గాలి చల్లని గోడను తగిలి చెమర్చును. అప్పుడు తలుపులు తెరచి ఆరబెట్టుచున్నామనుకొని, తేమను మనమే లోనికి పిలిచినవారమగుదుము. దీనిని తెలిసికొనుటకు సులువైన మార్గమొకటి కలదు. ఒక ఇత్తడి చెంబునిండ నీరుపోసి రాత్రియెల్ల మాళిగలో ఉంచవలెను. ప్రొద్దున దానిని తెచ్చి బయట నీడలో పెట్టి, పొడిగ తుడిచి, కొంతసేపు చూడవలెను. చెంబునకు చెమట పట్టినయెడల బయటిగాలి మాళిగకు పనికిరాదు. ఆనాడు మూత వేసి ఉంచవలెను. చెంబు పొడిగనున్నయెడల మూతయు గవాక్షములును తెరువవలెను. కరెంటు సరియైన తరువాత ఒక ద్వారమువద్ద పంకా పెట్టి లోపలిగాలిని బయటికి త్రోలించినచో రెండవ ద్వారమునుండి క్రొత్తగాలి తనంతట వచ్చును. మూత వేసిన దినములలోగూడ, మనిషి మరల దిగుటకు ముందు గాలి ఆడనీయవలెనను నియమమును మరువరాదు.

గోడ పైకి పొడిగ కనబడుట ఆరుటకు గుర్తు గాదు. పైపొర ముందుగ ఎండును, లోపలి తడి మెల్లమెల్లగ వెలుపలికి వచ్చుచుండును. ఇంగ్లండులో ఇటుకగోడ మందము అంగుళమునకు ఒక నెల చొప్పున ఆరునని ఒక స్థూలమైన లెక్క వాడుకలో నున్నది. మన యెండలకు అంతకాలము పట్టకపోవచ్చును గాని, ఒక వేసవియైన గడువనిదే పూతపని పెట్టుకొనరాదు. గోడ ఆరినదో లేదో చూచుటకు, మూరెడు చదరపు ప్లాస్టిక్ కాగితమును నాలుగంచులు గట్టిగ అంటించి, ఒక పగలు ఒక రాత్రి ఉంచవలెను. దాని వెనుక నీటిబొట్లు నిలిచినచో గోడ ఇంకను తడిగనే యున్నది.

ఆరుచున్న గోడలకు తెల్లని ఉప్పు పొంగును. దానిని చూచి భయపడి నీటితో కడుగరాదు. కడిగినచో ఉప్పు కరిగి మరల లోనికే పోవును. పొడి చీపురుతో దులిపి ఎత్తి పారవేయవలెను. బూజు కనబడినచో దానిని పొడిగ దులుపరాదు. ముక్కునకు గుడ్డ కట్టుకొని, తడిగుడ్డతో తుడువవలెను. ఉప్పుకు పొడి చీపురు, బూజుకు తడిగుడ్డ. ఈ రెండు తారుమారు కాకూడదు.

ఇచ్చట మేస్త్రీలు చేయు పొరపాటు ఒకటి చెప్పవలెను. తడిగోడను చూడగానే సిమెంటు పూత పూసి, దానిపై నూనెరంగు వేసిన గట్టిపడునని వారు చెప్పుదురు. పాత మట్టిగోడకును సున్నపుగోడకును సిమెంటు పూత పెట్టుట తడిసినవానికి రబ్బరుకోటు తొడుగుటవంటిది. లోపలి తడికి వెలుపలికి దారిలేక, అది పైకి పాకి పైగది గోడలను చెడగొట్టును. పూత పెల్లలుగ రాలును. సున్నము ఊపిరి తీసికొనును. కావున గోడ ఆరిన తరువాత సున్నపు పూతయు, సున్నపు వెల్లయు చాలును.

మాళిగలోని వస్తువుల మాట. వరదనీటిలో తడిసిన ధాన్యమును ఎండబోసి తినరాదు. పశువులకును పెట్టరాదు. బూజుపట్టిన గింజలలో పుట్టు విషము ఉడికించినను పోదు. ఈ మాట చెప్పుట సులభము, చేయుట కష్టము. ఏడాది కష్టమును పెంటదిబ్బపాలు చేయుటకు ఏ రైతునకును చేతులు రావు. కాని దానివలన ఇంటిల్లిపాదియు కాలేయపు జబ్బు తెచ్చుకొనుట అంతకంటె నష్టము. పంటనష్టము వ్రాయించుకొనుటకు పారవేయుటకు ముందే సంచులను లెక్కించి, ఫోటో తీయించి ఉంచుకొనవలెను. ఉబ్బిన తలుపులను వెంటనే చిత్రికపట్టింపరాదు. ఆరినపిదప అవి తమంతట తగ్గును. ముందే చెక్కినచో తరువాత సందులు పడును. కఱ్ఱసామానును నీడలో, గాలికి ఆరబెట్టవలెను. ఎండలో పెట్టినచో బీటలువారును.

కాగితములు తడిసినయెడల రెండుదినములలోనే బూజు ఎక్కును. ఎండలో వేయక, నీడలో విడివిడిగ పరచి, నడుమ తెల్లని పీల్చుడు కాగితములు పెట్టి మార్చుచుండవలెను. అంటుకొన్న పుటలను బలవంతముగ విడదీయరాదు. చాల యెక్కువ యున్నచో మంచుగడ్డ కట్టు పెట్టెలో ఉంచి, బూజును ఆపి, తీరిక దొరికినప్పుడు కొన్ని కొన్నిగ తీసి ఆరబెట్టవచ్చును.

బావి సంగతి మరువరాదు. వరదనీరు చొచ్చిన బావిని తోడించి, బురద తీయించి, ఊరిన క్రొత్తనీటికి బ్లీచింగుపొడి వేయవలెను. వేయి లీటర్లకు రెండున్నర గ్రాములు మామూలు లెక్క. ముంపుపడిన బావికి అంతకంటె ఎక్కువ పట్టును గనుక ఆరోగ్య కార్యకర్తచే పరీక్ష చేయించి వేయింపవలెను. అంతవరకు నీరు కాచి త్రాగవలెను. బావిని తోడునప్పుడును మాళిగ నియమమే. చుట్టును నేల తడిసియుండగా వట్టిబావి ఒడ్లు కూలవచ్చును.

నా ఇనుపపెట్టె సంగతి చెప్పి ముగించెదను. కూలిన రాళ్లు తీయించి దానిని బయటపెట్టునప్పటికి పదునైదు దినములైనది. మూత విప్పగా లోపలి కాగితములు ముద్దకట్టి, నల్లని బూజు పట్టియుండెను. ఒక్కటియు చదువుటకు రాలేదు. తరువాత రిజిస్ట్రారు కచేరికి పోయి, రుసుము చెల్లించి, దస్తావేజుల నకళ్లు పొందితిని. పట్టా పుస్తకమునకు బదులు మరియొకటి తహశీల్దారు కచేరిలో ఇచ్చిరి. కొన్నిమారులు తిరుగవలసివచ్చినది, అంతే. ఏ కాగితములకొరకు నేను అంత తొందరపడితినో ఆ కాగితములు మరల దొరికినవి. ఆ రాత్రి మా అవ్వ మాట వినక మేము నడుమసాలలో పండుకొనియుండినచో ఆ నకళ్లు తెచ్చుకొనుటకు ఎవరు మిగిలియుందురు?

మా మాళిగను మరల కట్టించితిమి. ఈమారు సున్నముతో కట్టించి, బావివైపు గోడను మందముగ వేయించితిమి. కాగితముల పెట్టె ఇప్పుడు అటకమీద నున్నది. మీ గ్రామములో వరద వచ్చిపోయిన తరువాత, పిల్లలు ఇంజను తెచ్చి మాళిగలో గొట్టము వేయబోవునప్పుడు, పెద్దలైన మీరు ముందుగ వారిని బావివద్దకు తీసికొనిపోయి నీటిమట్టము చూపుడని వేడుకొని, ఇంతటితో నా ప్రసంగము ముగించుచున్నాను.